నాన్న చెప్పిన జీతం

పోయిన వారం గువ్వను కంప్యూటర్ ముందు, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, గుండె జారిపోయి కూర్చున్న చోట వదిలేసి మన దారిన మనం పోయాం. ఒక ఆడపిల్లని ఏడు రోజుల పాటు అలా కూర్చోబెట్టడం పాపమే గాని, పత్రికకు ఇన్ని పేజీలే అని ఒక లెక్క ఉంటుంది కదా. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పుకుని, ఆ పిల్లని కుర్చీలోంచి లేపుదాం.

రెండేళ్ల క్రితం, చదువు ఇంకా పూర్తికాకముందే, ఒక పెద్ద కంపెనీ వాళ్ల కాలేజీకి వచ్చి అరవైమంది చేతుల్లో ఉద్యోగాల కాగితాలు పెట్టి వెళ్లింది. నెలకు ముప్పై వేలు. ఆ సాయంత్రం గువ్వ ఇంట్లో ఎవరి కాళ్లూ నేలమీద ఆనలేదు. తీరా పట్టా చేతికొచ్చే వేళకి మార్కెట్లు కుప్పకూలాయి. ‘మీరు చేరవలసిన తేదీ త్వరలో తెలియజేస్తాం’ అని ఒక్క వాక్యం పంపి కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ ‘త్వరలో’ సాగి సాగి రెండేళ్లు కావస్తోంది. ఇప్పుడు పేపర్ల నిండా కోలుకుంటున్నాం, కోలుకుంటున్నాం అని రాస్తున్నారు. కోలుకోవడమంటే నెలరోజులు మంచంలో ఉన్న మనిషి గోడ పట్టుకుని వసారాలోకి రావడం లాంటిది. కంపెనీ కూడా అలాగే వచ్చింది. పాత అరవైమందిలో ఇంకా ఖాళీగా ఉన్నవాళ్లని మాత్రమే, అదీ మార్కుల వరసలో, పిలుస్తానంది. ముప్పై వేలు కాదు, ఇరవై రెండు. అయినా నెల క్రితం నలభై ఒక్కమంది ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. మార్కుల్లో ఏడో స్థానంలో ఉన్న గువ్వకు మాత్రం పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. మనకు రాసిపెట్టి లేదని తల్లి, లోపం తనలోనే ఉందని గువ్వ అనుకుని ఊరుకున్నారు.

ఈ గువ్వ మూడు నెలలుగా తాను చదివిన కాలేజీలోనే, సర్వే గదిలో రోజుకూలీ మీద పనిచేస్తోంది. పాత విద్యార్థులకు ఫోన్ చేసి, ఉద్యోగం ఉందా, ఉంటే జీతమెంత అని అడగడం ఆ పని. ప్రతి జవాబుకూ ఒక అంకె. ఒకటి అంటే ఉద్యోగం. రెండు అంటే పైచదువు. మూడు అంటే ఖాళీ. ఆ రోజు పొద్దున కంపెనీ నుంచి కాలేజీకి కబురొచ్చింది. పిలిచినవాళ్లలో ముగ్గురు చేరలేదు, మార్కుల వరసలో ఇంకో ముగ్గురు ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లు సాయంత్రం ఐదులోగా పంపండి అని. ముగ్గురిలో మూడో పేరు గువ్వ ప్రాణస్నేహితురాలిది. మనిషి ఆరడుగులకు అంగుళం తక్కువ కాబట్టి కాలేజీలో అందరూ ఆ పిల్లని నిచ్చెన అంటారు. ఫోన్ చేసి ఆ శుభవార్త చెప్పింది గువ్వే. ఫోన్ పెట్టేశాక అనుమానం వచ్చింది. నిచ్చెన కంటే తన మార్కులు ఎక్కువే కదా, మరి తన పేరేది? పోయినేడాది సర్వేలో తన పేరు తెరిచి చూసింది. అంకె: ఒకటి. జీతం: నలభై ఎనిమిది వేలు. సమాచారం ఇచ్చినవారు: తండ్రి.

అక్కడ ఆపాం. ఇప్పుడు ఆ పిల్ల హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో ‘భోజనానికి వెళ్తున్నా’ అని అబద్ధం చెప్పి, మెట్లు దిగుతోంది.

నాన్న కొట్టు రెండు వీధుల అవతల, మందుల షాపుకూ జిరాక్సు షాపుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ముందు అద్దాల తలుపు, లోపల గుడ్డలు కత్తిరించే పొడుగాటి బల్ల, వెనక రెండు కుట్టుమిషన్లు, మూల ఒక కర్టెను. కర్టెను వెనక అద్దం ఉంటుంది, బట్టలు తొడుక్కుని చూసుకోవడానికి. పాతికేళ్లుగా ఆ కొట్టు అంతే. కాజాలూ చేతిపనీ ఇంటిదగ్గర గువ్వ తల్లి చేస్తుంది. ఇస్త్రీ వాసన, కొత్తగుడ్డ వాసన, సుద్దముక్క పొడి అన్నీ కలిసిన ఆ గాలిలో గువ్వ పెరిగింది. ఆ గాలి తగలగానే ఎప్పుడూ ఆమెకు ఇల్లు చేరినట్టు ఉండేది. ఇవాళ అలా లేదు.

లోపల ఒక పెద్దాయన చేతులు చాచి నిలబడి ఉన్నాడు. నాన్న ఆయన ఛాతీ చుట్టూ టేపు తిప్పి, అంకెలు గొణుక్కుంటున్నాడు. కూతుర్ని చూడగానే ముఖం వెలిగిపోయింది.

“ఏమ్మా, ఈ వేళప్పుడు వచ్చావేంటి? తిన్నావా?” అని, జవాబు కోసం ఆగకుండానే ఆయన వైపు తిరిగాడు. “మా అమ్మాయండీ. కాలేజీ ఆఫీసులో చేస్తోంది.”

“అదృష్టవంతులు మాస్టారూ. మా మేనల్లుడు రెండేళ్ల నుంచీ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఎవడూ కన్నెత్తి చూడ్డంలేదు” అన్నాడు పెద్దాయన.

“మనవాళ్లకేం తక్కువండీ, వస్తాయి. చెయ్యి ఇలా దించండి” అన్నాడు నాన్న, ఉద్యోగాలు తన బల్ల సొరుగులోనే ఉన్నంత ధీమాగా.

గువ్వకు ఒళ్లు మండింది. రోజుకూలీ మీద ఫోన్లు చేసే పనిని ‘ఆఫీసులో చేస్తోంది’ అని చెప్పుకోవడం నాన్నకు కొత్త కాదు. ఇన్నాళ్లూ ఆమె దాన్ని నవ్వుకుని వదిలేసింది. పెద్దాయన వెళ్లేదాకా ముక్కాలిపీట మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. అద్దాల తలుపు మూసుకున్నాక లేచింది.

“నాన్నా, పోయినేడాది నా గురించి కాలేజీ నుంచి ఫోనొచ్చిందా?”

“కాలేజీ నుంచా? ఏమోనమ్మా, రోజుకు ఎన్ని ఫోన్లొస్తాయి! ఎందుకు?”

“నాకు ఉద్యోగం ఉందని చెప్పావా?”

నాన్న టేపు మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు. అబద్ధమాడి దొరికిపోయిన మనిషిని గువ్వకు సర్వే గదిలో వినడమే గాని చూడడం అలవాటు లేదు. ఫోన్లో అయితే ఒక చిన్న తడబాటు వినిపిస్తుంది. ఎదురుగా అయితే మనిషి ఉన్నపళంగా పొట్టివాడవుతాడు.

“ఒకసారి ఎవరో అమ్మాయి చేసింది” అన్నాడు. “కాలేజీ కాగితాల్లో నా నంబరే కదా ఇచ్చాం. నాకు రెండు చేతులూ ఖాళీ ఉండవు. బ్యాంకాయన వాళ్లబ్బాయి కోటు ట్రయల్‌ చూస్తున్నా. నోట్లో గుండుసూదులు. ఎప్పట్లాగే ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాను. ఎవరిదో కొలతల బేరం అనుకున్నా.”

“అయితే?”

“ఆ అమ్మాయి చాలా మర్యాదగానే అడిగిందమ్మా. కాకపోతే గట్టిగా అడిగింది. ‘మీ అమ్మాయిగారు ఉద్యోగం చేస్తున్నారా, ఖాళీగా ఉన్నారా’ అని. కొట్టంతా వినపడింది. బ్యాంకాయన ఉన్నాడు, వాళ్లబ్బాయి ఉన్నాడు, చీరకు ఫాల్ వేయించుకోడానికొచ్చిన ఒకావిడ ఉంది. ముగ్గురూ నా నోటివంకే చూస్తున్నారు. ఆ అబ్బాయి మొదటిరోజు ఉద్యోగానికి వేసుకెళ్లే కోటు నా చేతుల్లో ఉంది.” నాన్న గొంతు తగ్గింది. “ఖాళీగా ఉంది అని అనలేకపోయానమ్మా. ‘చేస్తోందండీ’ అన్నాను. సూదులు నోట్లో పెట్టుకునే అన్నాను.”

“మరి నలభై ఎనిమిది వేలు?”

“జీతమెంత అని అడిగిందిగా. బ్యాంకాయన అప్పుడే చెప్పాడు, వాళ్లబ్బాయికి నలభై ఐదు అని. ఆ అబ్బాయి చదువులో నీ కాలిగోటికి సరిపోడు. అందుకని...” నాన్న ఆగాడు. “ఇంకో మూడు కలిపాను.”

గువ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“కాలేజీ గేటు మీద బ్యానర్ చూశావా నాన్నా? ఎర్రక్షరాలతో? ‘గత ఏడాది మా విద్యార్థులకు అత్యధిక జీతం నెలకు నలభై ఎనిమిది వేలు’ అని?”

“చూశాను. ఎవరో గాని గట్టివాళ్లే అనుకున్నా.”

“నేనే అది!” గువ్వ గొంతు అద్దాల తలుపు దాటి వీధిలోకి వెళ్లిపోయింది. “నువ్వు కలిపిన మూడు వేలతో సహా నేనే! ఆ నలభై ఎనిమిది ఎవరికొచ్చాయా అని మా బ్యాచంతా కుళ్లుకుని చచ్చాం. నేనూ ఏడ్చాను నాన్నా, బాత్‌రూంలో తలుపేసుకుని. ఎవత్తో ఒకత్తి సాధించింది, నేను సాధించలేకపోయానని. నా మీద నేనే కుళ్లుకున్నాను.”

నాన్నకు ఇది నవ్వాల్సిన సంగతో ఏడవాల్సిన సంగతో తెలియలేదు. కూతురు కోపంలో ఉందని మాత్రం అర్థమైంది. కోపం వస్తే వస్తుంది, సాయంత్రానికి పోతుంది, పెద్ద నష్టమేముంది అనుకున్నాడు కాబోలు, “తప్పే అనుకో. పోనీలేమ్మా, ఒక అంకె రాసుకున్నారు, అంతేగా” అన్నాడు.

అప్పుడు చెప్పింది గువ్వ. నిదానంగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. కంపెనీ నెల క్రితం పిలిచింది ఖాళీగా ఉన్నవాళ్లనే అని, ఎవరు ఖాళీయో తేల్చింది ఆ సర్వేలోని అంకేనని, మూడు ఉన్నవాళ్లకు పిలుపు వెళ్లిందని, ఒకటి ఉన్నవాళ్ల పేర్లు ఎవరూ తిరగేసి కూడా చూడలేదని, ఇవాళ సాయంత్రం ఐదులోగా ఇంకో ముగ్గురి పేర్లు పంపుతున్నారని, అందులోనూ తన పేరు లేదని. “నలభై ఒక్కమందిని పిలిచారు నాన్నా. మార్కుల్లో నేను ఏడోదాన్ని. నేను ఖాళీగా లేను కదా, అందుకని పిలవలేదు.”

నాన్న బల్లకు ఆనుకుని నిలబడ్డాడు. నెల క్రితం రాత్రి భోజనాల దగ్గర, తనకు పిలుపు రాలేదని గువ్వ చెప్పినప్పుడు, ‘వాళ్లకి కళ్లు నెత్తికెక్కాయి, నీలాంటిదాన్ని వదులుకున్నారు’ అని కంపెనీని అరగంట తిట్టింది ఈ మనిషే.

“అంటే... నా నోటితోనే...” అన్నాడు చివరికి.

గువ్వ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. రెండేళ్లుగా పళ్లబిగువున దాచుకున్నదంతా ఒక్కసారి కట్ట తెంచుకుంది. “కూతురు ఖాళీగా ఉందని చెప్పడానికే నీకు అంత నామోషీ అయితే నన్నెందుకు చదివించావు? కాజాలు కుట్టడం నేర్పి అమ్మ పక్కన కూర్చోబెట్టాల్సింది. అప్పుడు ఎవరడిగినా తలెత్తుకుని చెప్పేవాడివి.”

నాన్న దెబ్బతిన్నట్టు చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేది.

“నామోషీ నీ గురించి కాదు తల్లీ” అన్నాడు. “నా గురించి. నువ్వు చదువుకున్న నాలుగేళ్లూ ఈ కొట్లో అడుగుపెట్టిన ప్రతివాడికీ చెప్పాను. మా అమ్మాయి ఇంజనీరవుతోంది అని. ప్యాంటు పొట్టి చేయించుకోడానికొచ్చినవాడికి కూడా చెప్పాను. వాళ్లు అడక్కపోయినా చెప్పాను. అంత చెప్పిన నోటితో ఖాళీగా ఉందని చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. నీ బతుకు మీద పడుతుందని తెలిస్తే వీధిలో నిలబడి అరిచి చెప్పేవాణ్ణి.”

ఆ మాట నిజమని గువ్వకు తెలుసు. అదే ఆమెను ఇంకా ఏడిపించింది. ఎదుటిమనిషి చెడ్డవాడైతే తిట్టి తేలికపడొచ్చు. ప్రేమతో కొంప ముంచినవాణ్ణి ఏం చేస్తాం? ఆమె పీట మీద కూలబడి మోకాళ్ల మధ్య ముఖం దాచుకుంది.

నాన్న కర్టెను వెనక్కి వెళ్లాడు. నీళ్ల చప్పుడు వినిపించింది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కొక్కేనికి వేలాడుతున్న తన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు.

“ఐదింటిలోగా పేర్లు పంపాలన్నావు కదా. పద” అన్నాడు.

“ఎక్కడికి?”

“మీ ఆఫీసుకి. చెప్పింది నేను. నేనే వచ్చి కాదని చెబుతాను.”

పాతికేళ్లలో మధ్యాహ్నం మూడున్నరకి ఆ కొట్టు షట్టర్ దిగడం అదే మొదటిసారి. జిరాక్సు షాపాయన బయటికొచ్చి “ఏం మాస్టారూ, అంతా బాగానే ఉందా?” అని అడిగాడు. “మా అమ్మాయి ఉద్యోగం పనండీ” అన్నాడు నాన్న. అలవాటైన నోరు.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న, “నిచ్చెనకి వచ్చిందామ్మా?” అని అడిగాడు. ఆ పిల్ల చేతులకు రెడీమేడ్ చొక్కాల చేతులు ఎప్పుడూ సరిపోవు. ఇంటర్వ్యూలకు నాలుగు చొక్కాలు ఆయనే కుట్టిపెట్టాడు.

“వచ్చేటట్టుంది” అంది గువ్వ.

“పోనీలే, ఆ పిల్లయినా గట్టెక్కితే మంచిదే. మంచి పిల్ల.”

సర్వే గది ఒకప్పుడు కాలేజీ ప్రయోగశాల. గోడలకు నీళ్ల కుళాయిలు ఇంకా అలాగే ఉన్నాయి. పన్నెండు బల్లలు, పన్నెండు కంప్యూటర్లు. ఫోన్లు చేసే పన్నెండుమందీ ఇక్కడ చదివి పట్టా పుచ్చుకున్నవాళ్లే. పట్టాలున్నవాళ్ల ఉద్యోగాల గురించి అడగడానికి ఉద్యోగాల్లేని పట్టాలవాళ్లని పెట్టుకోవడం కాలేజీకి చౌకగా కలిసొచ్చిన తెలివి. చివర తలుపు లేని చిన్న అరలో సూపర్‌వైజర్ మేడం కూర్చుంటుంది. ఆవిడ కఠినమైన మనిషి కాదు. ముప్పై ఏళ్లుగా రూళ్ల మధ్య కాపురం చేసి, వాటిని దాటకుండా మంచితనం చేయడమెలాగో నేర్చుకున్న మనిషి.

నాన్న ఆవిడ అర దాకా వెళ్లలేదు. గది మధ్యలోనే ఆగి, “మేడంగారూ” అన్నాడు. కొట్లో కొలతలు కేకేసే గొంతు అది, తగ్గించడం రాదు. పదకొండు బల్లల దగ్గరా మాటలు ఆగిపోయాయి.

“పోయినేడాది మీ వాళ్లు ఫోన్ చేస్తే మా అమ్మాయికి ఉద్యోగం ఉందని చెప్పాను. అబద్ధం చెప్పానండీ. అప్పుడు మా అమ్మాయి ఖాళీగా ఉంది. జీతం కూడా నేను కల్పించిందే. తప్పు నాది, పిల్లది కాదు. దానికి రావాల్సింది దానికిప్పించండి.”

ఎవరో హెడ్‌సెట్ చెవిమీంచి పక్కకు జరుపుకున్నారు. గువ్వకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. అదే సమయంలో నాన్న పక్కకు వెళ్లి నిలబడాలనీ అనిపించింది. రెండోదే చేసింది.

మేడం ఇద్దరినీ అరలోకి పిలిచి కూర్చోబెట్టింది. కంప్యూటర్లో చూసింది. నలభై ఎనిమిది దగ్గర ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

“ఇది మీరా! ఈ అంకె గేటు మీద కట్టాం కదండీ” అంది. “పోయినేడాదిది ఇక ముట్టుకోలేను. అచ్చయిపోయింది, పైకి వెళ్లిపోయింది. కాకపోతే ఒక దారుంది. ఇవాళ్టి పరిస్థితి కొత్తగా రాయొచ్చు. ఇవాళ ఖాళీగా ఉంటే మూడు వేసి, పేరు కంపెనీకి పంపిస్తాను. మార్కులు ఎక్కువ కాబట్టి ముందు తన పేరే వస్తుంది. వాళ్లడిగింది ముగ్గుర్నే. పొద్దున అనుకున్న మూడో పేరు తీసెయ్యాలి.”

నాన్న ముఖంలోకి రక్తం వచ్చింది. “అయితే రాయండి మేడంగారూ. ఇంకేం కావాలి?”

గువ్వ మాత్రం కదల్లేదు. తర్వాత ఏం వస్తుందో ఆమెకు తెలుసు. ఆ ప్రశ్న మూడు నెలల్లో ఎనిమిది వందలసార్లు అడిగిన నోరు ఆమెది.

“ఒక ప్రశ్న ఉందండీ” అంది మేడం నాన్నతో. “గడిచిన ఏడు రోజుల్లో డబ్బు తీసుకుని ఒక్క గంటైనా ఏదైనా పని చేశారా అని అడగాలి. చేసుంటే అది ఉద్యోగం కిందే లెక్క.”

“గంటా? గంట పని ఉద్యోగమెలా అవుతుందండీ?”

“రూలు అలాగే ఉంది. దేశంలో ఉద్యోగాలు పెరిగాయని పేపర్లో చదువుతున్నారు కదా, ఈ గంటలన్నీ అందులోవే.”

నాన్నకు అప్పుడు తెలిసొచ్చింది. కూతురు మూడు నెలలుగా ఈ గదిలోనే ఉంది. నిన్నా ఉంది, ఇవాళా ఉంది. ఏడాది క్రితం ఆయన ఆడిన అబద్ధం, ఈ గది పుణ్యమా అని ఇప్పుడు నిజమై కూర్చుంది.

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు చూసింది. “ఈ వారం మీ హాజరుపట్టీ ఇంకా పైకి పంపలేదు” అంది, ఎవరితోనూ కానట్టు. “నేను ప్రశ్న అడుగుతాను. గువ్వా, నువ్వు చెప్పిందే రాస్తాను. నీ కూలీ ఈ వారానికి పోతుంది. ఒకసారి రాశాక వెనక్కి తీసుకోవడం నా చేతుల్లో ఉండదు.”

గోడ గడియారంలో నాలుగుంపావు. మేడం బల్లమీద కాగితంపై మూడు పేర్లున్నాయి. మూడో పేరు కింద పెన్ను ఆనించి ఉంది.

పొద్దున ఫోన్లో నిచ్చెనను కూడా ఇదే ప్రశ్న అడిగింది గువ్వ. ‘పది రోజుల క్రితం దాకా ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్పేదాన్నే. వాళ్లమ్మ మాన్పించేసింది. అప్పుడు ఏడ్చాను గాని, ఇప్పుడు ఆవిడ కాళ్లకి దండం పెట్టాలి’ అని నవ్వింది నిచ్చెన. నవ్వుతూనే బొంగురుపోయింది. వెనక ఎవరో పెద్దగా ఏడుస్తుంటే, ‘మా అమ్మలే, సంతోషం ఎక్కువైంది’ అంది. నాలుగేళ్లు ఒకే బెంచీ. పరీక్షకు ముందురోజు గువ్వకు జ్వరం వస్తే, పాఠమంతా పక్కన కూర్చుని చదివి వినిపించింది ఆ పిల్లే. మార్కుల్లో వెనకబడింది కూడా అలాంటి వేషాల వల్లే.

పక్కన నాన్న రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని మొద్దుబారిన వేళ్లు. ఆమెవైపు చూడడం లేదు. చూస్తే ఒత్తిడి చేసినట్టవుతుందని కాబోలు, ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాడు. ఆమె కాదంటే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఆ తప్పు మోస్తాడు. ఇక ఫోనెత్తిన ప్రతిసారీ అది గుర్తుచేసుకుంటాడు.

“గడిచిన ఏడు రోజుల్లో, డబ్బు తీసుకుని ఒక గంటైనా పని చేశావా?” అని అడిగింది మేడం.

“లేదు మేడం” అంది గువ్వ.

అంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు. గొంతు వణకలేదు, తడబాటు లేదు. ఫోన్లో అయితే తను కూడా నమ్మి మూడు వేసేది.

మేడం మూడో పేరు మీద గీత గీసింది. పక్కన ఇంకో పేరు రాసింది. కంప్యూటర్లో ఏదో నొక్కి, “వెళ్లిపోయింది” అంది.

నాన్న లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక మేడంకు రెండుసార్లు నమస్కారం పెట్టాడు. బయటికొచ్చి, బల్లల మధ్య నడుస్తూ, ఎవరెవరో తెలియని పిల్లలందరితో “మీక్కూడా వస్తాయమ్మా, వస్తాయి బాబూ” అని చెప్పాడు. తలుపు దగ్గర కూతురి తలమీద చెయ్యి వేశాడు.

“నా తప్పు దిద్దుకునే భాగ్యం ఇచ్చావు తల్లీ. మీ అమ్మకి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు” అన్నాడు. నాలుగు మెట్లు దిగి, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. “ఆ నిచ్చెనకి కూడా చెప్పు. ఇద్దరూ ఒకే రోజు చేరొచ్చు. ఇద్దరికీ కొత్త చొక్కాలు కుడతాను.”

గువ్వ తలూపింది. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆయనకు నిజం చెప్పడానికి ఆమెకు ఆ నాలుగు మెట్లే గడువు, అది అయిపోయింది.

“పొద్దున ఆ అమ్మాయికి ఫోన్ చేసింది నువ్వేగా” అంది వెనకనుంచి మేడం, మెత్తగా. “నువ్వే చెప్పెయ్. ఆశ పెట్టి ఉంచడం బాగోదు.”

గువ్వ తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. పక్కనున్న పదకొండుమందిలో ఒక్కరూ ఆమెవైపు చూడలేదు. అందరూ విన్నారు. అందరికీ తెలుసు, ఆమె నిన్న ఎన్ని ఫోన్లు చేసిందో, మొన్న ఎన్ని చేసిందో. హెడ్‌సెట్ తగిలించుకుని నంబరు నొక్కింది. ఎలా మొదలుపెట్టాలో మనసులో రెండు వాక్యాలు కూర్చుకుంది. మూడోది దొరకలేదు.

ఒక్క రింగుకే అవతల ఫోన్ ఎత్తారు.

“నువ్వే చేస్తావని తెలుసే!” అంది నిచ్చెన. పరిగెత్తుకొచ్చి అందుకున్నట్టు రొప్పుతోంది. “పొద్దుట్నుంచీ ఫోను చేత్తోనే పట్టుకుని కూర్చున్నా. చెప్పు, ఎప్పుడు చేరమన్నారు?”